వెయిటింగ్ లిస్టులో నా ముందు పేరు

మెడిసిన్ ఎంట్రన్సు రాసిన ఏడు నాకు సీటు రాలేదు. రాలేదని తేలనూ లేదు. వెయిటింగ్ లిస్టులో రెండో పేరు నాది. చేరినవాళ్ళలో ఎవరైనా మానేస్తే ఆ ఖాళీ ముందు ఒకటో పేరుకు పోతుంది, ఆ మనిషి రాకపోతే నాకొస్తుంది. ఎనభైల మధ్యలో మాట ఇది. ఎండాకాలం చివర్లో మొదలైన ఎదురుచూపు అక్టోబరు వానల దాకా సాగింది.

మాది చీరాల. నాన్న హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. ఏ కాగితం చేతికొచ్చినా పై నుంచి కింద సంతకం దాకా చదివేవాడు. పకోడీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా నూనె తుడిచి చదవడం నేను చూశాను. నాతో ఇంటర్ చదివినవాళ్ళు ఒక్కొక్కరే ఏదో ఒక కాలేజీలో చేరిపోయారు. నేను బీయస్సీలో చేరడానికి లేదు. చేరితే ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర పెట్టాలి. రేపు మెడికల్ కాలేజీ వాళ్ళు పిలిస్తే అవి చేతిలో ఉండవు. అందుకని సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ కవర్లో బీరువాలో ఉన్నాయి, నేను ఇంట్లో ఉన్నాను.

ఊళ్ళో అందరికీ ఈ సంగతి తెలుసు. వీధి చివర టీ కొట్టాయన నన్ను చూస్తే చాలు, కాలు చాపి చూపించేవాడు.

"ఏరా డాక్టరూ, నా మోకాలు నీకోసమే ఆపి ఉంచానురా. ఇంకో డాక్టరుకి చూపించలా. త్వరగా తేల్చు, మెట్లెక్కలేకపోతున్నా."

మొదట్లో నవ్వేవాణ్ణి. సెప్టెంబరు వచ్చేసరికి ఆ కొట్టు ముందు నుంచి వెళ్ళడం మానేశాను. సాయంత్రాలు సైకిలు వేసుకుని వాడరేవు పోయి, చేపలు ఎండబెట్టే చోటికి దూరంగా ఇసకలో కూర్చునేవాణ్ణి. అక్కడ నన్నెవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

శనివారం శనివారం బస్సెక్కి గుంటూరు వెళ్ళి, కాలేజీ ఆఫీసు వరండాలో నోటీసు బోర్డు చూసి రావడం ఒక పని అయింది. లిస్టు అక్కడే అంటించి ఉండేది. నా పేరు పైన ఒక ఆడపిల్ల పేరు, తండ్రి పేరు, వినుకొండ దగ్గర ఒక పల్లె పేరు. ఆ మూడు మాటలు నాకు కంఠతా వచ్చాయి. ఆమె ఎవరో తెలియదు. ఆమెకు ఇంకెక్కడో సీటు వచ్చి ఉంటే బాగుండు అనుకునేవాణ్ణి. కొన్ని రోజులు అంతకంటే అన్యాయమైనవి కూడా అనుకున్నాను.

అక్టోబరులో ఒక రాత్రి భోజనాల దగ్గర నాన్న అన్నాడు, "ఆదివారం వినుకొండ పోయొద్దాం. ఆ అమ్మాయి చేరుతుందో లేదో కనుక్కుందాం."

అమ్మ గరిటె ఆపింది. "వెళ్ళి ఏమని అడుగుతారు? మీ అమ్మాయి మానేస్తుందా అనా?"

"చేరుతుందంటే మనం ఆశ వదిలేసుకోవచ్చు. వీణ్ణి ఎక్కడో ఒకచోట చేర్పించేద్దాం. ఎంతకాలం ఇట్లా?"

ఆదివారానికి ముందు శనివారం నేను ఎప్పటిలాగే గుంటూరు వెళ్ళాను. ఆ రోజు బోర్డు మీద కొత్త కాగితం ఉంది. ఒక సీటు ఖాళీ అయింది, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళు వచ్చే గురువారం సాయంత్రం అయిదు లోపల సర్టిఫికెట్లతో హాజరు కావాలి, రానివారికి హక్కు ఉండదు. అంతవరకు చదివి వెనక్కి తిరిగాను. ఒకే ఒక్క ఖాళీ. ఆమె వస్తే ఆమెది, రాకపోతే నాది.

ఇంటికొచ్చాక నాన్న అడిగాడు, "ఏమైనా పెట్టారా?"

"లేదు నాన్నా," అన్నాను.

ఎందుకలా అన్నానో అప్పుడు నాకే తెలియదు అని రాయవచ్చు. అది నిజం కాదు. నాన్నకు చెబితే మర్నాడు ఆయన వాళ్ళకు చెబుతాడు. నాకు ఆ సంగతి తెలుసు కాబట్టే చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. చిలకలూరిపేటలో ఒక బస్సు, నరసరావుపేటలో ఒక బస్సు మారాం. ఉత్తచేతులతో వెళ్ళకూడదని నాన్న డజను బత్తాయిలు కొన్నాడు. వినుకొండలో దిగి, ఆ పల్లెకు పోయే బస్సెక్కి, వాగు దాటాక దిగి నడిచాం. దారికి రెండు పక్కలా పత్తి. ఆ ఏడు తెల్లదోమ పట్టింది. ఆకుల మీద మసి పూసినట్టు నలుపు. నడుస్తుంటే బట్టలకు జిగురంటింది. చేలల్లో మందు కొట్టేవాళ్ళు కూడా కనపడలేదు. కొట్టి కొట్టి మానేసినట్టున్నారు.

ఊళ్ళోకి అడుగుపెట్టగానే పొరపాటు జరిగిపోయింది. ఇస్త్రీ చొక్కాలు, చేతిలో పళ్ళ సంచి, తండ్రీ కొడుకూ, ఆదివారం పూట ఫలానావారి ఇల్లెక్కడ అని అడిగాం. ఆ ఇంటి పక్కావిడ మమ్మల్ని కిందా మీదా చూసి లోపలికి కేక పెట్టింది.

"వదినా, ఓ వదినా! పెళ్ళివారొచ్చారే! ముందు చెప్పొద్దటే! పిల్ల ఇంకా తల కూడా దువ్వుకోలా!"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. నాన్న, "అబ్బే, కాదమ్మా, మేం సీటు సంగతి," అంటూనే ఉన్నాడు, మంచం వాల్చేశారు, దుప్పటి పరిచేశారు. అమ్మాయి తండ్రి చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. పల్చటి మనిషి. నాన్న విషయమంతా విడమరిచి చెప్పాక ఆయన మంచం అంచున కూర్చున్నాడు. తర్వాత నవ్వాడు.

"మా అమ్మాయి పేరు కింద పేరు మీవాడిదా? అట్లాగయితే చుట్టాలమే కదండీ మనం. పొద్దున లేస్తే మేమూ అదే లిస్టు తలుచుకుంటన్నాం."

పక్కావిడ గడప దగ్గరే నిలబడి ఉంది. "పెళ్ళివారు కాకపోతే పోయారులే. డాక్టరమ్మా, కోటు చూపీయవే వాళ్ళకి! వినుకొండ పోయి తెల్లకోటు కుట్టించుకొచ్చిందండీ. సీటు రాకముందే కోటొచ్చింది."

"అత్తా, ఊరుకో," అంది లోపలి నుంచి ఒక గొంతు.

ఆమె టీ గ్లాసులతో బయటికి వచ్చింది. నా ఈడే. రెండు జడలు, వెలిసిన ఓణీ. నాన్న అడగాల్సిన మాట అడగలేక, పంటల గురించి అడిగాడు, వాన గురించి అడిగాడు. చివరికి ఆమే చెప్పింది.

"నేను చేరతానండి. పిలిస్తే చాలు, ఆ పూటే బయల్దేరతాను."

"సంతోషం తల్లీ," అన్నాడు నాన్న. నిజంగానే అన్నాడు. మొహంలో ఏదో బరువు దిగినట్టు కనపడింది. వచ్చిన పని అయిపోయింది, ఇక ఆశ వదిలేసుకోవచ్చు.

పెద్దవాళ్ళిద్దరూ చేను చూడటానికి వెళ్ళారు. నేను మంచం మీద కూర్చున్నాను. ఆమె గ్లాసులు తీసుకుంటూ అడిగింది.

"మీరు గుంటూరు పోతుంటారా అండీ?"

"అప్పుడప్పుడు."

"బోర్డు మీద ఏమైనా పెట్టారా? మాకు ఇక్కడ ఏం తెలియదు. కార్డు వస్తదంటారు గానీ, వాగొచ్చిందంటే టపా రెండు మూడు రోజులు ఆగుద్ది. అందుకని అడుగుతున్నా."

నేను గోడవైపు చూశాను. కాలెండరు మీద పేజీ చింపలేదు, సెప్టెంబరే ఉంది.

"ఇంకా ఏం పెట్టలేదండి," అన్నాను.

"పెడితే చెప్తారా?"

"చెప్తాను."

ఇది జరిగి నలభై ఏళ్ళకు దగ్గర పడుతోంది. పత్రికలో పనిచేస్తూ ఎంతోమంది అబద్ధాలు చెబుతుంటే ఎదురుగా కూర్చుని రాసుకున్నాను. వాళ్ళు ఒక్క క్షణం ఆగేవారు. ఆ రోజు చెప్తాను అనడానికి నేను ఆగలేదు.

వచ్చేటప్పుడు ఆయన మమ్మల్ని వాగు దాకా సాగనంపాడు. ఎవరికి ముందు కబురు తెలిస్తే వాళ్ళు రెండోవాళ్ళకి ఒక కార్డు ముక్క రాయాలని నాన్నా ఆయనా అనుకున్నారు. అడ్రసులు రాసుకున్నారు. బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చుని, "మంచివాళ్ళురా," అన్నాడు. తర్వాత, "రేపు బీయస్సీ అప్లికేషను తీసుకురా," అన్నాడు. ఆ రాత్రే వాన పట్టుకుంది.

సోమవారం కురిసింది, మంగళవారం కురిసింది. కార్డు దానంతటది ఆమెకు చేరుతుంది, నేను చెప్పడమేమిటి, చెప్పకపోవడమేమిటి అని నాకు నేను చెప్పుకున్నాను. వాన చప్పుడు వింటూ మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నాను. మాకూ కార్డు రాలేదు. బుధవారం సాయంత్రం, ఎవరో స్నేహితుడు గుంటూరు నుంచి వచ్చి చెప్పాడని నాన్నతో అన్నాను.

"రేపేనా? ఒక్కటే ఖాళీనా?" అని, వెంటనే, "మరి ఆ అమ్మాయికో?" అన్నాడు.

"కార్డు వేసి ఉంటారు నాన్నా."

"వాగులొచ్చి ఉంటాయిరా అటు."

చొక్కా గుండీలు ఒక కాజాకు బదులు ఇంకో కాజాలో పెట్టుకుని, గొడుగు కూడా తీసుకోకుండా వెళ్ళి టెలిగ్రాం ఇచ్చి వచ్చాడు. తడిసిన తల తుడుచుకుంటూ, "పొద్దున్నకల్లా అందుతుందో లేదో," అని అమ్మతో అన్నాడు. నేను బీరువాలోంచి సర్టిఫికెట్ల కవరు తీసి, ఉన్నవన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటున్నాను.

గురువారం కాలేజీ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మాలాగే ఇంకో నలుగురైదుగురు ఉన్నారు. పదకొండు గంటలకు అటెండరు బయటికొచ్చి ఆమె పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. రెండు గంటలకు మళ్ళీ పిలిచాడు. నాన్న లేచి గేటు దాకా వెళ్ళి రోడ్డు చూసి వచ్చాడు. అలా ఎన్నిసార్లు వెళ్ళాడో. నాలుగున్నరకు గుమస్తా దగ్గరికి పోయి బతిమాలాడు.

"ఇంకొంచెం చూడండి సార్. వినుకొండ పక్క నుంచి రావాలి. వానలు. నేను టెలిగ్రాం కూడా ఇచ్చాను."

"మీ అమ్మాయా?"

"కాదండి."

"మీకేమవుతుంది?"

నాన్న మళ్ళీ గేటువైపు చూశాడు. గుమస్తా గడియారం చూసి, "అయిదు దాకా చూస్తాను మాస్టారూ, ఆ పైన నా చేతుల్లో లేదు," అన్నాడు.

నేను కూడా గేటువైపే చూస్తున్నాను. నాన్న చూసేది వేరు, నేను చూసేది వేరు.

అయిదింటికి మూడోసారి పిలిచి, అటెండరు కాగితం మీద గీత కొట్టాడు. నేను కవరు పట్టుకుని లేచి నిలబడ్డాను. అతను ఇంకో అమ్మాయి పేరు పిలిచాడు. లిస్టులో నాలుగో పేరు. బెంచీ చివర తల్లి పక్కన కూర్చున్న పిల్ల లేచి, ఏడుస్తూ లోపలికి వెళ్ళింది.

"రెండో పేరు మావాడిదండి," అన్నాడు నాన్న.

"ఇది లేడీస్ కోటా సీటు మాస్టారూ. ఖాళీ చేసిందీ ఆడపిల్లే. నోటీసులో రాశాంగా."

నాన్న బోర్డు దగ్గరికి వెళ్ళాడు. కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం చదవడం మొదలుపెట్టాడు. నేను ఆగిపోయిన వాక్యం దాటాడు. దాని కింద వాక్యంలో కోటా సంగతి ఉంది. దాని మీద వేలు ఆనించి చదివాడు. ఇంకా కిందికి పోయాడు. సంతకం, సంతకం కింద కాగితం అంటించిన తేదీ. మేం వినుకొండ వెళ్ళడానికి ముందు రోజు తేదీ. నేను గుంటూరు వచ్చి, ఏమీ పెట్టలేదని చెప్పిన శనివారం.

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, "పద, బస్సుకి టైమవుతుంది," అన్నాడు. బస్సులో పక్క పక్కనే కూర్చున్నాం. అప్పుడు గానీ ఆ తర్వాత గానీ ఆ తేదీ గురించి ఆయన నన్ను అడగలేదు.

వారం తిరగకుండా వినుకొండ నుంచి కార్డు వచ్చింది. నాన్న దాన్ని అమ్మకు వినిపించేలా పైకి చదివాడు. వాగు తగ్గి గురువారం చీకటి పడ్డాక టపా వచ్చిందట, కాలేజీ కార్డూ మా టెలిగ్రామూ ఒకే సంచిలో వచ్చాయట. అయినా శుక్రవారం గుంటూరు వెళ్ళి అడిగి చూశారట. "మా అమ్మాయికి ఎట్లాగూ రాసిపెట్టి లేదు. మీరు అంత గుర్తుపెట్టుకుని టెలిగ్రాం ఇచ్చారు, మర్చిపోము. సీటు మీ అబ్బాయికి వచ్చి ఉంటుందని అనుకుంటున్నాం. అమ్మాయి కూడా అదే అంటోంది. ఒక ముక్క రాయగలరు."

మరుసటి ఏడు ఎంట్రన్సు ఫలితాల పేజీ ముందేసుకుని ఆమె కోసం వెతికాను. పత్రికలో నంబర్లే వేసేవాళ్ళు, పేర్లు ఉండేవి కావు. ఆమె మళ్ళీ రాసిందో లేదో, రాస్తే నంబరెంతో నాకు తెలియదు. పేజీ అంతా చూసి మడిచి పెట్టాను. నేనైతే రాయలేదు.

కార్డు వచ్చిన సాయంత్రం నాన్న తన బల్ల సొరుగులోంచి ఒక కొత్త కార్డు తీసి, పెన్నుతో సహా నా ముందు పెట్టాడు.

"నువ్వు రాయి," అన్నాడు.

అడ్రసు రాశాను. సీటు నాకు రాలేదని, అది ఆడపిల్లల కోటాదని, వేరే అమ్మాయికి ఇచ్చారని రాశాను. నాలుగు వాక్యాలు. నాన్న తీసుకుని పై నుంచి కిందికి చదివాడు. మళ్ళీ నా ముందే పెట్టాడు.

"సగం ఖాళీగా వదిలావు."

వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దుతోంది. నాన్న కుర్చీలోంచి లేవలేదు. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఏం రాయాలో నాకు బాగా తెలుసు, ఒక్క వాక్యమే. చాలాసేపయ్యాక, ఆ మిగిలిన సగంలో, మీ వైపు వానలు తగ్గాయని తలుస్తాను, పత్తి ఎలా ఉంది, అని రాసి ఇచ్చాను.

ఆయన అది కూడా చివరిదాకా చదివాడు. చెప్పులు వేసుకుని, పోస్టులో వెయ్యడానికి తనే వెళ్ళాడు.