నుదుటి మీది ముక్క

పెళ్లైన కొత్తలో బందరులోని అత్తారింట్లో, మా బావమరిది నాకు పోకర్‌లో ఒక వింత రకం నేర్పాడు. ఎవరి ముక్క వాళ్లు చూసుకోకుండా నుదుటికి అంటించుకోవాలి. బందరు ఉక్కపోతకి జిగురు అక్కర్లేదు లెండి. మనది తప్ప అందరి ముక్కలూ మనకి కనిపిస్తాయి. పెద్ద ముక్కదే గెలుపు. పందెం వేరుశనగ పలుకులు.

నేను జోరుగా పందెం పెంచుతుండగా, అత్తారి చర్చి పాస్టరుగారు ప్రార్థన చేయడానికి వచ్చారు. క్షణంలో పేకంతా చాప కిందకి చేరింది. అందరికంటే భక్తిగా నేనే కళ్లు మూసుకుని ప్రార్థనలో కూర్చున్నాను.

ఆమెన్ అన్నాక ఆయన, నా నుదుటి మీదే ఉండిపోయిన ముక్కని చూసి మెల్లగా అన్నారు: "అల్లుడుగారూ, మీది ఉత్త రెండండీ. పందెం పెంచకండి."

మన లోపం మనకి తప్ప అందరికీ కనిపిస్తుందని ఆ రోజు అర్థమైంది. ఆ ఆట పాస్టరుగారికెలా తెలుసో మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు.