తొట్టి కింద రెండో రేకు

నవంబర్ 18, మంగళవారం. ఇంటి ముందు ఉన్నవాళ్లు: నేను, నా కూతురు, అల్లుడు, వెల్డింగ్ మేస్త్రీ.

ఆ రోజు డైరీలో ఇంతవరకే రాశాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

గంజాయి కేసుల్లో పట్టుబడిన బండ్లను సర్కారు వేలం వేస్తే, మా అల్లుడు ఒక ట్రాలీ ఆటో పాడుకున్నాడు. చర్ల వైపు ఊళ్ల నుంచి భద్రాచలానికి మిరపకాయలు తోలుతున్నాడు. ఆ సాయంత్రం టార్పాలిన్ పట్టా కట్టే కొక్కేల కోసం మేస్త్రీ బండి తొట్టి అడుగు అంచున రంధ్రం వేశాడు. డ్రిల్లు బయటికి తీస్తే ఇనుప రజనుతో పాటు ఎండిన ఆకు పొట్టు అంటుకొని వచ్చింది. వాసన చూసి మేస్త్రీ మోటారు ఆపేశాడు.

తొట్టి అడుగున ఇంకో రేకు ఉంది. ఆ రెంటి మధ్య సరుకు అట్లాగే ఉంది. బండిని పట్టుకున్నవాళ్లు అడుగు చూడలేదు. చూడకుండానే మాకు అమ్మారు.

ఈ బండితోనే అల్లుడు చెక్‌పోస్టు దాటి ఎన్నోసార్లు తిరిగాడు. ఎవరైనా ఒక్కసారి వంగి చూసి ఉంటే ఈపాటికి జైల్లో ఉండేవాడు. ఇక ముందైనా లోపల వేయరని ఏముంది?

“కోసి తీసి గోదాట్లె కలుపుదాం సార్. చేపలకు నిషా ఎక్కుతది, మనకు పీడ పోతది” అన్నాడు మేస్త్రీ. ఎవరూ నవ్వలేదు.

నేను బొగ్గు బావిలో పేలుళ్ల దగ్గర భద్రత చూసే సర్దార్‌గా చేసి రిటైరైనవాణ్ణి. పేలకుండా మిగిలిన మందు కనబడితే మాది ఒకటే పద్ధతి. ముట్టుకోవద్దు, ఎవరినీ దగ్గరికి రానివ్వద్దు, బాధ్యత ఉన్నవాడు వచ్చేదాకా కదలవద్దు. భయంలో నాకు ఆ పద్ధతి తప్ప ఇంకేమీ తోచలేదు. బండి చుట్టూ తాడు కట్టించి, వేలం వేసిన ఆఫీసుకు ఫోన్ చేశాను. బండిని మీరే తోలుకొచ్చి అప్పజెప్పండి అన్నారు అక్కడి అధికారి. తెలిసి తెలిసి ఆ సరుకుతో రోడ్డెక్కితే దొంగలం మేమే అవుతాం. మీరే రావాలి అన్నాను.

“మనంతట మనమే పట్టిచ్చుకున్నట్టు అయితది మామా” అన్నాడు అల్లుడు. ఆ రాత్రి పోలీసు క్యాంపు వైపు నుంచి జీపు చప్పుడు వినబడ్డప్పుడల్లా నా కూతురి ప్రార్థన మధ్యలో ఆగిపోయేది.

మరునాడు పొద్దున్నే అధికారి ఇద్దరు మనుషులతో వచ్చారు. బండిని కాదు, ముందు అల్లుణ్ణి చూశారు.

“వేలమయ్యి ఇన్ని దినాలాయె. నువ్వే పెట్టుకోలేదని ఎట్ల నమ్మాలె?”

నేను తొట్టి వెనక అతుకు వైపు చేయి చూపించాను. వేలానికి ముందు వాళ్ల యార్డులో వేసిన తెల్లరంగు నంబరు ఆ వెల్డింగ్ అతుకు మీదుగానే ఉంది. మేము విప్పి ఉంటే రంగు తెగాలి. ఆయన వంగి గోటితో గీకి చూశారు. రంగు ఎక్కడా తెగలేదు. లేచాక పక్కింటివాళ్లను పంచసాక్షులుగా పిలిపించి, వాళ్ల ముందే రేకు కోయించారు. పొట్లాలతో పాటు బండినీ తీసుకుపోతామన్నారు. అల్లుణ్ణి వాంగ్మూలం ఇవ్వడానికి జీపు ఎక్కమన్నారు.

“సాక్షేనా సార్?” అని అడిగింది నా కూతురు.

“సాక్షే అమ్మా” అన్నారాయన, ఆమె వైపు చూడకుండా.

నన్ను ఎవరూ పిలవలేదు. అయినా వెళ్లి జీపులో అల్లుడి పక్కన కూర్చున్నాను.