మంచమంత పొడుగు తొట్టి

మొన్న కాకినాడలో చేపల తొట్లు అమ్మే కొట్లోకి మనవరాలి వెంట వెళ్ళాను. గుమ్మంలోనే తడి ఇసుకా, నాచూ, నీచూ కలిసిన వాసన గుప్పున తగిలి, అక్కడున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూలబడ్డాను. కొట్టతను మర్యాదస్తుడు. "హాల్లో ఏ మూల పెడతారండీ? దాన్నిబట్టి సైజు చూద్దాం" అన్నాడు. మూలని బట్టి తొట్టి, తొట్టిని బట్టి చేప! డెబ్బై ఏళ్ళ కిందటా ఇదే తెలివి, ఇప్పుడూ ఇదే తెలివి.

మాది రాజోలు దగ్గర పల్లె. తొలకరి పడగానే పెరటి కొబ్బరిచెట్ల మొదళ్ళలో నీళ్ళు నిలిచి కప్పలు తెల్లవార్లూ బెకబెకలాడేవి. పనసాకుల బుట్టల్లో నాయనమ్మ ఇడ్లీపిండి పోసి ఆవిరికి పెట్టిన పొట్టిక్కలు దించగానే ఇల్లంతా కమ్మటి ఆకు వాసన కమ్ముకునేది. గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే ఊళ్ళో పిల్లలందరూ గట్టు మీదే ఉండేవాళ్ళు. నేను మాత్రం వెనక గదిలో అన్నయ్య ఎదురుగా కూర్చుని చింతపిక్కలతో వామనగుంటలు ఆడుతూ, ప్రతి ఆటా ఓడిపోతూ ఉండేదాన్ని.

మా అన్నయ్య సత్తిబాబు నాకన్నా ఐదేళ్ళు పెద్ద. చిన్నతనంలో జ్వరమొచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. పగలంతా వెనక గదిలో మంచం మీదో, మంచం పక్కన చాప మీదో ఉండేవాడు. నాన్నగారికి రైసుమిల్లు ఉండేది, పంచాయతీ ప్రెసిడెంటు కూడా ఆయనే. సావిడిలో, అంటే వీధివైపు పెద్ద వసారాలో, ఎప్పుడూ నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉండేవారు. అందుకని అన్నయ్య సావిడిలోకి రాకూడదు. ఆ మాట ఎవరూ ఎప్పుడూ నోటితో చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే ఇంట్లో కుక్కకి కూడా తెలుసు.

ఒకసారి మా పాలేరు వెంకన్న ఉప్పుటేట్లో వల వేసి, కూరకి తెచ్చిన చేపల్లో బతికున్న రెండింటిని కుండలో పెట్టి అన్నయ్యకి ఇచ్చాడు. దువ్వెన చేపలు. అరచెయ్యంత వెడల్పు, ఒంటి నిండా ముత్యాల్లాంటి చుక్కలు, వీపు మీద దువ్వెన పళ్ళలా నిక్కబొడుచుకున్న ముళ్ళు. బిస్కెట్ల సీసాలో వేస్తే రెండో రోజుకే చచ్చిపోయాయి. వెంకన్న మళ్ళీ తెచ్చాడు. ఈసారి గోళెంలో వేశారు. గోళెంలో బతికాయి గానీ, లేచి నిలబడి లోపలికి తొంగి చూడగలిగిన వాళ్ళకే కదా కనిపించేది. నేను చూసి చెబుతుంటే వాడు వినేవాడు.

అప్పుడు మొదలెట్టాడు, అద్దాల తొట్టి కావాలని. నాన్నగారు రాజమండ్రిలో ఏదో బంగళాలో అలాంటిది చూసి ఉన్నారు కనక ఆయనకీ సరదా పుట్టింది. కాకపోతే ఆయనకి బీరువాలా నిలువుగా ఉంటే దర్జా.

"చేప పైకి ఎక్కదు కదండీ నాన్నగారూ, అటూ ఇటూ తిరుగుతుంది. ఎత్తు తగ్గినా ఫర్వాలేదండి, నా మంచమంత పొడుగుండాలి" అన్నాడు అన్నయ్య.

"పులుసులోకి పోయేదానికి మంచం కూడానా" అని నాయనమ్మ నవ్వింది.

నాన్నగారూ నవ్వి, "సరే, అలాగే కానీరా" అన్నారు. అన్నయ్య మాట ఆయన విన్నది నాకు తెలిసి అదొక్కసారే.

కాకినాడ నుంచి అద్దాలొచ్చాయి. వడ్రంగి టేకుచట్రం కట్టి, లప్పం పెట్టి బిగించాడు. తొట్టిని మంచం పక్కన నేలమీదే పెట్టించాడు అన్నయ్య. అడుగున గోదారి ఇసుక, వెనకవైపు కాలవ నాచు, ఓ మూల బోర్లించిన కుండపెంకు. నూతినీళ్ళలో ఏటినీళ్ళు కలిపించాడు. నీళ్ళు మార్చినా సగం పాతవి ఉండాల్సిందేనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఇవేవీ వాడికి ఎవరూ నేర్పలేదు. చాప మీద పడుకుని, చెంప అద్దానికి ఆనించి, పొద్దస్తమానం చూసి తెలుసుకున్నాడు.

చలికాలం వెళ్ళేసరికి చేపలు కుండపెంకు మీద గుడ్లు పెట్టాయి. ఆడదీ మగదీ వంతులేసుకుని వాటికి రెక్కలతో విసురుతుంటే ఊళ్ళో ఆడవాళ్ళు పెరటి దారిన వచ్చి చూసిపోయేవారు. అన్నయ్య అందరికీ విడమర్చి చెప్పేవాడు. వాడితో అంతమంది మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. వాడి ముఖం కూడా మారిపోయింది.

ఈ కబురు సావిడికి చేరింది. ఇంకో రెండ్రోజుల్లో తాసీల్దారుగారు భోజనానికి వస్తున్నారనగా నాన్నగారు నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని వెనక గదిలోకి వచ్చారు.

"గుడ్లున్నాయండి నాన్నగారూ. కదిపితే అవే తినేస్తాయండి. పిల్లలయ్యాక తీసుకెళ్ళండి" అన్నాడు అన్నయ్య.

"ఇంత వస్తువు చీకటి కొట్లో ఎవరికోసంరా? నువ్వు తర్వాత చూద్దువుగానిలే" అన్నారు నాన్నగారు.

ఎవరికోసంరా! కన్నతండ్రి అడగాల్సిన మాటేనా అది? ఈ వయసులో కూడా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

తొట్టిని సావిడిలో ఎత్తుబల్ల మీదకి ఎక్కించారు. బురదగా ఉందని ఇసుకా, నాచూ, గుడ్లున్న కుండపెంకూ పెంటకుప్ప మీద పారబోశారు. మా ఇళ్ళల్లో శుభ్రమంటే ఒకటే, తోమడం. నాయనమ్మ ఇత్తడి బిందెని తోమినట్టు చింతపండూ బూడిదా పెట్టి అద్దాలు తళతళలాడేలా తోమించి, అంచులకి పసుపు రాసి బొట్లు పెట్టి, నిండా కొత్త నూతినీళ్ళు పోయించింది. ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడకి తెలిసిన గౌరవం అది.

"పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయా బుల్లీ?" అని అన్నయ్య వెనక గదిలోంచి అడిగేవాడు. నేను పరుగున వెళ్ళి చూసొచ్చేదాన్ని. తెరుస్తున్నాయనేదాన్ని. తర్వాత పక్కకి ఒరుగుతున్నాయన్నాను. "నన్నొక్కసారి ఎత్తుకెళ్ళమను, ఏటినీళ్ళు కలిపితే బతుకుతాయి" అన్నాడు. వెంకన్న వెళ్ళి నాన్నగారితో చెప్పాడు.

"చినబాబుగారు ఓసారి చూత్తానంటన్నారండీ."

"పెద్దమనుషులు వెళ్ళాక చూద్దాం."

"ఆయ్" అని వెంకన్న తలొంచుకుని వచ్చేశాడు.

చచ్చిన చేప సావిడిలో కనబడితే బాగుండదని, ఇంకా కొట్టుకుంటుండగానే వాటిని తీసి వేయించి తాసీల్దారుగారికి వడ్డించారు. ముక్క మంచి రుచిగా ఉందన్నారు ఆయన. వేపుడు వాసన వెనక గది దాకా వచ్చింది. అన్నయ్య ఏడవలేదు, అటు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ చేపలు తెస్తానని వెంకన్న ఎన్నిసార్లన్నా వద్దన్నాడు. పై వానాకాలంలో జ్వరం తగిలి అన్నయ్య పోయాడు. ఆ తొట్టిలో నాన్నగారు కాగితం పువ్వులు పెట్టించారు, అవి చాలా ఏళ్ళున్నాయి.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, మిల్లు లేదు, ఆ ఉప్పుటేట్లో దువ్వెన చేప దొరకడం లేదంటున్నారు. ఆ ఇంటిది నా దగ్గర మిగిలింది ఒకే ఒక్క ఫోటో. తొట్టిని సావిడిలోకి మార్చిన మర్నాడు నాన్నగారు అమలాపురం నుంచి మనిషిని పిలిపించి తీయించింది. తొట్టికి ఒకపక్క నాన్నగారు కుర్చీలో, ఇంకోపక్క అమ్మా, నాయనమ్మా, ముందు నేనూ. వెంకన్న కూడా స్తంభం పక్కన ఉన్నాడు. మనవరాలు దాన్ని ఫోన్లో పెద్దది చేసి, చేపల ఒంటిమీద చుక్కలు కూడా తెలుస్తున్నాయని సంబరపడింది. తర్వాత, "ఇందులో మీ అన్నయ్య ఎవరు నాయనమ్మా?" అని అడిగింది.