సారంగపాణి అనుమానించిన కాలు

తిరుపతి ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇన్‌స్పెక్టరు సారంగపాణికి అనుమానం ఊపిరిలాంటిది. అందరికీ చెడు కనబడితే అనుమానం వస్తుంది. ఆయనకు మంచి కనబడితే వచ్చేది. పాలు నీళ్ళలా ఉంటే మాట్లాడకుండా తాగేసేవాడు. చిక్కగా ఉన్నాయంటే గ్లాసు కింద పెట్టి భార్య అమృతవల్లిని పిలిచేవాడు.

"పాలవాడు ఈ పొద్దు నీళ్ళెందుకు పొయ్యలేదు?"

"మీరు తిట్టినారు కదా, మానుకొనుంటాడు."

"నేను తిట్టి ఆరు నెలలాయె. ఇప్పుడు మానుకునేదేంది? ఏదో ఉండాది."

చిత్తూరు బస్సు ఒకసారి సరిగ్గా వేళకు వచ్చింది. ఆయన ఎక్కలేదు. కండక్టరును పక్కకు పిలిచి కారణం అడిగాడు. కండక్టరు కారణం వెతుక్కుంటూ ఉండగానే డ్రైవరు బస్సు తీసేశాడు. కండక్టరు పరుగెత్తి ఎక్కాడు, సారంగపాణి మిగిలిపోయాడు.

బండ్ల కింద పడి దెబ్బలు తగిలిన వాళ్ళు నష్టపరిహారం అడిగితే, ఆ దెబ్బ నిజమో కాదో తేల్చడం ఆయన ఉద్యోగం. దేవుడు ఆయన్ను చూసి ఆ ఉద్యోగాన్ని పుట్టించాడో, ఉద్యోగాన్ని చూసి ఆయన్ను పుట్టించాడో తెలియదు. రేణిగుంట బట్టల వ్యాపారి ఒకడు కుడిచెయ్యి లేవడం లేదని పాతిక వేలకు దావా వేశాడు. సారంగపాణి పిలవని పెళ్ళికి వెళ్ళి, అదే వ్యాపారి పంక్తిలో ఎదురుగా కూర్చున్నాడు. పాయసం రెండోసారి వచ్చింది. వ్యాపారి "చాలు చాలు" అంటూ విస్తరికి అడ్డం పెట్టాడు. పెట్టింది కుడిచెయ్యి.

"చెయ్యి సంగతి తరవాతప్పా" అని స్టేషను దగ్గర టాక్సీ డ్రైవర్లకు చెప్పాడు సారంగపాణి. "పాయసం వద్దన్నాడు సూడు, ఆడ్నే నాకు అనుమానం తగిలింది."

విన్నవాళ్ళలో ఫకృద్దీన్ ఒకడు. ఒక్క అంబాసిడర్ టాక్సీ మీద బతికేవాడు. సారంగపాణిని చూస్తే అందరితో పాటు నవ్వేవాడు, అందరికంటే కాస్త ఎక్కువ భయపడేవాడు.

ఎనభై రెండు చివర్లో చట్టం మారింది. అంతకు ముందు బండి తగిలి కాలు పోయినా, తప్పు డ్రైవరుదేనని కోర్టులో రుజువు చేస్తే తప్ప పైసా వచ్చేది కాదు. ఇప్పుడు తప్పు ఎవరిదైనా సరే, మనిషి పోతే పదిహేను వేలు, శాశ్వతంగా అవిటితనం వస్తే ఏడున్నర వేలు ఇచ్చి తీరాలి. స్టాండులో ఇదే చర్చ. "ఇంక జనం వరసగా వచ్చి చక్రాల కింద కాళ్ళు పెడతారు, మన ప్రీమియం రెట్టింపవుతుంది" అని నవాబ్ అనే డ్రైవరు గుండె బాదుకున్నాడు. ఆఫీసు మేనేజరు వేంకటాచలపతి అందుకు పూర్తిగా విరుద్ధంగా, కోర్టు తగాదాలు తగ్గుతాయి, వకీళ్ళ ఖర్చు మిగులుతుంది, ప్రీమియం దిగుతుంది అని కనబడిన వాళ్ళకల్లా చెప్పాడు. ఫకృద్దీన్ ఏం తేలక సారంగపాణిని అడిగాడు.

"తగ్గుతుందా సామీ?"

"తగ్గుతుందని ఎవరన్నారు?"

"మేనేజరు సారు."

"ఆయనకెందుకు అంత సంతోషం?"

"నవాబ్ భాయ్ పెరుగుతుందంటా ఉండాడు."

"వాడికెందుకు అంత భయం?" సారంగపాణి గొడుగు చంకలో పెట్టుకున్నాడు. "చట్టం మారేది కాయితం మీద. కాళ్ళు విరిగేది రోడ్డు మీద. ఈ రెంటికీ మధ్యన ఎన్ని జేబులుండాయో ఎవరైనా లెక్క పెట్టినారా?"

ఎనభై మూడు జనవరిలో ఫకృద్దీన్ యాత్రికులను కాణిపాకంలో దింపి, ఐరాల వైపు డీజిలు కోసం వెళ్ళాడు. దారిలో ఒక గేదె అడ్డం వచ్చింది. బండి పక్కకు తిప్పాడు. అదే క్షణంలో చెరుకుతోటలో నుంచి ఒక సైకిలు రోడ్డెక్కింది. హెడ్‌లైటు పగిలింది, సైకిలు మీది మనిషి గట్టు కింద పడ్డాడు. ఆయన పేరు మునిరామయ్య, బెల్లం వండే మనిషి. ఫకృద్దీన్ ఆయన్ను రెండు చేతుల మీద ఎత్తుకుని కార్లో పడుకోబెట్టి, ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు దాకా తీసుకువెళ్ళి కాలికి కట్టు కట్టించి, మళ్ళీ ఇంటి దగ్గర దింపాడు.

"తప్పు నాదే సాయిబూ. నువ్వు మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు మునిరామయ్య.

ఫకృద్దీన్ ఆ మాటను అమృతంలా తాగేశాడు. కేసు లేదు, లైసెన్సుకు భయం లేదు. అయితే ఆ తరవాత కాణిపాకం వెళ్ళిన ప్రతిసారీ ఐరాల దారి వైపు చూడకుండా బండి తిప్పుకుని వచ్చేసేవాడు. ఆ కాలు ఎలా ఉందో చూడాలంటే ఆయనకు కాళ్ళు వచ్చేవి కావు.

మూడు నెలలకు హెడ్‌లైటు డబ్బులకు అర్జీ పెట్టాడు. అర్జీ సారంగపాణి బల్ల మీదికి వచ్చింది.

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"ఒకాయన సైకిలు మీద నుంచి పడినాడు సామీ. చిన్న దెబ్బ. తప్పు తనదేనని ఆయనే అన్నాడు."

సారంగపాణి కలానికి మూత పెట్టాడు. "ఎవరన్నారు?"

"పడినాయనే."

"తప్పు తనదేనని."

"అవును సామీ."

"డబ్బులు అడగలేదు."

"లేదు సామీ."

ఇరవై ఏళ్ళ సర్వీసులో సారంగపాణి ఇలాంటి ఘోరం వినలేదు. "ఏదో ఉండాది. బండి తియ్యి."

ఐరాలలో మునిరామయ్య బెల్లం పొయ్యి దగ్గరే దొరికాడు. వాళ్ళను చూడగానే లేచి, ముప్పై అడుగుల దూరం నిటారుగా నడిచివచ్చి, చెరుకురసం చెంబు చేతికిచ్చాడు. ఫకృద్దీన్ గుండె మీది బండ దిగిపోయింది.

"చూసినారా సామీ, బాగుండాడు."

"మరీ బాగుండాడు" అన్నాడు సారంగపాణి. రసం కూడా తాగలేదు. "సరే మునిరామయ్యా, వస్తాం" అని గట్టిగా చెప్పి కారెక్కాడు. మలుపు తిరగ్గానే బండి ఆపించి, పంచె ఎగ్గట్టి చెరుకుతోటలోకి దూరాడు. ఫకృద్దీన్ వెనకాలే దూరాడు. ఆకులు మొహాలు కోశాయి. సారంగపాణి నుదుటి మీది నామం చెమటకు కారి ముక్కు దాకా వచ్చింది.

పొయ్యి దగ్గర మునిరామయ్య కారు చప్పుడు అణిగాక కూడా దారి వైపే చూస్తూ నిలబడి, ఒక్కసారిగా కూలబడ్డాడు. మోకాలు రెండు చేతులా పిసుక్కున్నాడు. తరవాత లేచి, తొడ మీద చెయ్యి ఆనించి, ఒక్కో అడుగుకూ పక్కకు ఒరిగిపోతూ కట్టెల మోపు దగ్గరికి నడిచాడు.

ఫకృద్దీన్ తల తిప్పుకున్నాడు. సారంగపాణి మాత్రం గర్భగుడి తలుపు తీసినప్పుడు చూసినట్టు చూశాడు.

"ఇరవై ఏళ్ళుగా, మనం చూస్తే కుంటుతా, చూడకుంటే పరిగెత్తే వాళ్ళనే చూసినానప్పా. ఈయప్ప తిరగేసినాడు." చెరుకులో నుంచి లేచి నిలబడి కేకేశాడు. "మునిరామయ్యా, పట్టుబడినావు."

మునిరామయ్య దొంగతనం బయటపడినట్టు చేతులు కట్టుకున్నాడు. "తప్పయిపాయె సామీ. కుంటేది దాచిపెట్టినాను."

"ఎందుకు?"

"కేసయితే సాయిబును జైల్లో ఏస్తారంట. బండి గుంజుకుంటారంట. నన్ను బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకోనుండాడు సామీ. ఆయన మీద కేసు పెట్టేదెట్లా?"

"తప్పు నాది సామీ" అన్నాడు ఫకృద్దీన్, చెరుకులో నుంచి బయటికి వచ్చి. "ఎనుము అడ్డమొస్తే ఇటు తిప్పినాను."

"లేదు సామీ, నేనే చూడకుండా రోడ్డెక్కినాను."

"నేనే."

"కాదు, నేను."

"నిలపండప్పా" అన్నాడు సారంగపాణి. "తప్పెవరిదో కొత్త చట్టానికే అక్కర్లేదు, నాకెందుకు? ఈయన జైలుకు పొయ్యేది లేదు. డబ్బిచ్చేది ఈయన కాదు, మా ఆఫీసు. అర్జీకి గడువు ఆరు నెలలు. దాంట్లో మూడు నెలలు నువ్వు నిటారుగా నడిచి పాడు చేసినావు. రేపే చిత్తూరు పెద్దాసుపత్రిలో కాలు ఫోటో తీయించుకో."

మేనేజరు వేంకటాచలపతి రిపోర్టు చదివి కుర్చీలో నుంచి లేచాడు. "నువ్వు మా మనిషివా, వాళ్ళ మనిషివా? అడగనోడి చేత అడిగిస్తే ప్రీమియం తగ్గేదెట్లా?"

"అబద్ధాలు పట్టేది నా పని. లేని ఆరోగ్యం ఉన్నట్టు చూపించినాడు. పట్టినాను."

బయట బెంచీ మీద ఉన్న ఫకృద్దీన్‌కు టైపిస్టు కుముదవల్లి గొంతు తగ్గించి చెప్పింది. "ఇది కొత్త కాదు భాయ్. ఎక్కువ అడిగినోళ్ళ ఫైళ్ళు ఈయన ఆఫీసులోనే చూస్తాడు. తక్కువ అడిగినోళ్ళవి ఇంటికి తీసకపోతాడు. తడ దగ్గర పూలమ్మే ఆమెను లారీ గుద్దితే, చీర చినిగిందని మాత్రం రాయించిందంట. ఈయన నాలుగుసార్లు పోయి, చెయ్యి విరిగిందని ఆమె చేత ఒప్పించి వచ్చినాడు."



చిత్తూరు కోర్టులో విచారణ వచ్చేసరికి ఇంకో ఏడాది గడిచింది. ఈలోగా ఫకృద్దీన్ మళ్ళీ ప్రీమియం కట్టాడు. తగ్గలేదు, రెట్టింపూ కాలేదు. మేనేజరూ నవాబూ ఇద్దరూ సమానంగా దిగులుపడ్డారు.

విచారణ రోజు ఆఫీసు తరఫు వకీలు లేచి, "ఏదీ, నడిచి చూపించు" అన్నాడు మునిరామయ్యతో.

కోర్టు నిండా జనం. అందరి కళ్ళూ తన కాలి మీదే ఉన్నాయి. ఎదురుగా ఫకృద్దీన్. మునిరామయ్య పళ్ళు బిగబట్టి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సోల్జరులా నడిచాడు.

సారంగపాణి తట్టుకోలేక లేచాడు. "అయ్యా, ఆయన నడిచేది అబద్ధం."

"మీరు ఏ పక్షం?" అన్నారు జడ్జిగారు, కళ్ళద్దాలు సర్దుకుని.

సారంగపాణి ఒకసారి తమ వకీలు వైపూ, ఒకసారి మునిరామయ్య వైపూ చూశాడు. అప్పుడు వెనక వరస నుంచి ఫకృద్దీన్ అన్నాడు.

"అన్నా, నేను జైలుకు పోను. ఇన్‌స్పెక్టరు సామి నిజమే చెప్పినాడు. నువ్వు కుంటు."

మునిరామయ్య ఆయన మొహంలోకి చూశాడు. నమ్మాడు. తొడ మీద చెయ్యి ఆనించి, వచ్చిన దారినే ఒరుగుతూ తిరిగి నడిచాడు. జడ్జిగారు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, రాసుకున్నారు.

ఏడున్నర వేలూ ఇవ్వాలన్న ఉత్తర్వు విని బయటికి వచ్చాక కారు దాకా యాభై అడుగులు. దాచుకోవలసిన పని తీరిన మునిరామయ్య ఏ తొందరా లేకుండా, హాయిగా కుంటుకుంటూ నడిచాడు. సారంగపాణి తన నడక తగ్గించి, ఆయన ఒరిగినప్పుడు తానూ ఒరిగి, భుజం అందిస్తూ పక్కనే నడిచాడు. ఫకృద్దీన్ కారు తలుపు తెరిచి పట్టుకుని చూస్తున్నాడు. వరండాలో ఉన్న వకీళ్ళకు మాత్రం ఆ ఇద్దరిలో కాలు విరిగింది ఎవరికో తేలలేదు.