ఎర్ర చుక్క తూటాలు

ఉస్తాద్ పోయాడన్న కబురు శుక్రవారం పొద్దున వచ్చింది. నేను అల్ ముంతజా పేటలో నా గదిలో పుస్తకం చదువుకుంటున్నాను. జగిత్యాల దగ్గర వాళ్ళ ఊరి నుంచి అతని కొడుకు ఫోన్ చేశాడు.

"సెలవు మీద వచ్చి పది దినాలు గాలేదు సార్. గుండె ఆగింది. దుబాయ్ ముచ్చట దీస్తే మీ పేరే చెప్పేటోడు. మా సారుకు చెయ్యి మంచిదే, తన మీద తనకే నమ్మకం లేదు అనేటోడు."

మేమిద్దరం పనిచేసింది ఖతార్‌లో. తప్పు వింటే దిద్దకుండా ఉండలేని నేను ఆ పూట దిద్దలేదు.

అతని గురించి నాలుగు మంచి మాటలు రాయమని క్లబ్బులో తెలుగువాళ్ళు అడిగారు. రాస్తాను. కానీ పద్దెనిమిదేళ్ళు అతణ్ణి చూసి కుళ్ళుకున్నవాణ్ణి. ఆ కుళ్ళు దాచిపెట్టి రాయడం నాకు చేతకాదు.

ఉమ్ సలాల్ దాటాక ఉన్న షూటింగ్ క్లబ్బులో మా డ్యూటీ రైఫిల్ తూటాలు తయారుచేయడం. పేలిన ఇత్తడి కేసుల్లో మళ్ళీ మందు నింపి, మూతిలో బుల్లెట్ కూర్చోబెట్టి, మూతి అంచును కాస్త లోపలికి నొక్కాలి. ఆ నొక్కును క్రింపు అంటారు. ఈ పని మీద దొరికిన పుస్తకమల్లా చదివాను నేను. బైబిలు నుంచి రష్యన్ నవలల దాకా చదివిన కృష్ణా జిల్లా డిగ్రీవాణ్ణి. ఉస్తాద్ చదివింది ఐదో తరగతి. క్లబ్బుకు వచ్చింది గోడలు కట్టడానికి, ఈ పని చూసి నేర్చుకున్నాడు.

తయారైన ప్రతి తూటా మొననూ అతను బల్ల అంచుకు ఆనించి మెల్లగా నెట్టేవాడు. బుల్లెట్ కదిలితే పక్కన పెట్టేవాడు. నేను కొలిచే పరికరం తీస్తే చాలు, మొదలుపెట్టేవాడు.

"ఏమంటున్నది సారూ నీ కాలిపర్? ఇంకా సోంచాయిస్తున్నదా?"

నా క్రింపు చూసి మాత్రం నవ్వేవాడు కాదు. "గట్టిగ నొక్కితే గట్టిగ పట్టుకుంటదనుకోకు సారూ. ఇత్తడి ఉబ్బి పట్టు ఇడుస్తది."

అతని తూటాల అడుగున ఎర్ర చుక్క, నావాటికి నీలం. పోటీ వస్తే మా కెప్టెన్, ఖతారీ ఆయన, గుమ్మంలోంచే "ఉస్తాద్, లాల్‌వాలా, యల్లా" అని ఎర్రవాటి కోసం తొందరపెట్టేవాడు. నీలం చుక్కలు కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి పోయేవి.

ఆరేళ్ళ కిందట ఒక పెద్ద పోటీ ముందు నేను యాభై తూటాలు చేశాను. ఒక్క బుల్లెట్ కూడా కదలకూడదని పట్టుదలగా నొక్కాను. అడుగున ఎర్ర చుక్క పెట్టి, అతని పెట్టె తీసేసి నాది పెట్టాను. కెప్టెన్ గెలిచాడు. తిరిగొచ్చి ఉస్తాద్‌ను కావలించుకున్నాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. అవి నావని చెప్పాలంటే చుక్క సంగతీ చెప్పాలి. ఉద్యోగం పోతుంది. ఉస్తాద్ నా వైపు తిరిగి, "చాయ్ తాగుదామా సారూ?" అన్నాడు.

ఆ గెలుపు నాదని ఈ నాలుగు మాటల్లో అందరికీ చెప్పి కసి తీర్చుకోవాలనే మొన్న రాయడానికి కూర్చున్నాను.

నిన్న మేనేజరు నా ఎదుటే అతని బల్ల సొరుగు తాళం తీశాడు. కళ్ళజోడు, మోకాళ్ళ నొప్పుల మందు, ఎర్ర గోళ్ళరంగు సీసా. గుడ్డలో చుట్టి ఏడు తూటాలు. అడుగున ఎర్ర చుక్క. మూతి దగ్గర ఉబ్బిన ఇత్తడి చూశాను. నా నొక్కు నేను గుర్తుపట్టలేనా?

ఆ రోజు కెప్టెన్ తీసుకెళ్ళిన పెట్టె నిండుగానే ఉంది. అంటే యాభైనీ బల్లకు ఆనించి చూశాడు. ఏడు తీసి తనవి ఏడు పెట్టాడు. అవి అలాగే వెళ్ళి, బుల్లెట్ లోపలికి జారి మందు ఒత్తిడి పెరిగి ఉంటే, రైఫిల్ కెప్టెన్ మొహం మీదే పగిలి ఉండేదేమో. మిగతా నలభై మూడూ నావే. వాటిని ముట్టుకోలేదు. ఆరేళ్ళు ఒక్క మాట అనలేదు. పుస్తకాలన్నీ చదివిన నాకు ఆ మౌనం మాత్రం పట్టుబడలేదు. ఇప్పుడు దాన్ని చూసి కూడా కుళ్ళే.

మేనేజరు సంతకాల కాగితం కోసం బయటికి వెళ్ళాడు. ఏడింటిలో ఒకటి తీసి, మొనను అతని బల్ల అంచుకు ఆనించాను. అతను నెట్టినట్టే నెట్టాను. చప్పుడు లేకుండా బుల్లెట్ కేసులోకి దిగిపోయింది.