తొమ్మిదేళ్ళు ఒకటే స్వరం

మా పక్క వాటాలో ఒక చిన్నపిల్ల సంగీతం నేర్చుకుంటోంది. పొద్దున్నే వాళ్ళమ్మ ఫోనులో శ్రుతి పెడుతుంది. ఆ మోత గోడ దాటి నా మంచం దాకా వస్తుంది. అంతే, నా బుగ్గలు వాటంతటవే ఉబ్బుతాయి. నిద్రలో ఉన్నా సరే, ముక్కుతో గాలి లాగుతూ నోటితో వదలడం మొదలుపెడతానట. "పొద్దున్నే ఈ కప్ప వేషం ఏంటండీ, మనవలు చూస్తే జడుసుకుంటారు" అని మా ఆవిడ రమణమ్మ నవ్వుతుంది. నవ్వదా మరి! అరవై ఐదు దాటినవాణ్ణి, సంగీత పాఠశాలలో పాతికేళ్ళు నాదస్వరం పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, ఫోను మోతకి బుగ్గలు పూరించుకుని కూర్చుంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. నాకు మాత్రం ఆ మోతతోపాటు బుడేసాహెబ్ గారు గుర్తొస్తారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

నరసరావుపేట రోడ్డు మీద ఒక పల్లె ఆయనది. ఐదు పూటలా నమాజు చేసేవారు. శ్రీరామనవమికి ఆయన సన్నాయి మోగనిదే మా చుట్టుపక్కల ఏ గుడిలోనూ తాళిబొట్టు పైకి తీసేవారు కాదు. అందులో వింత ఉందని మాకు అప్పట్లో తెలియదు. ఇప్పుడు అందరూ వింతగా అడుగుతుంటే తెలుస్తోంది. మనిషి ఆరడుగులు, తెల్లటి మీసం, భుజాన జరీ కండువా. ఆయన తండ్రి కూడా గొప్ప విద్వాంసుడే కాబట్టి పాలపళ్ళు ఊడకముందే సన్నాయి చేతికొచ్చిందట. నా సంగతి అట్లా కాదు. మా నాన్న వీరయ్య ఊరి మంగలి, పెళ్ళిళ్ళకి డోలు వాయించేవాడు. కత్తి పడితే నా చెయ్యి వణికేది. ఒక పెద్దమనిషి చెవి తెగ్గొయ్యబోయి ఆగాక, ఇంక లాభం లేదని మా నాన్న పదిహేడేళ్ళ నన్ను సాహెబ్ గారి గుమ్మం ముందు నిలబెట్టాడు.

"వీడు మా ఏడుకొండలండి. వీణ్ణి మనిషిని చెయ్యండి సాహెబ్ గారూ. నాలుగు కీర్తనలొస్తే బతుకుతాడు" అన్నాడు.

"ముందు శ్రుతి పట్టనీ వీరయ్యా. శ్రుతి కుదిరితే స్వరం ఏడకి పోద్ది?" అన్నారు ఆయన.

శ్రుతి పట్టడమంటే ఏమిటో చెప్పాలి. చూడ్డానికి ఆ వాయిద్యం కూడా సన్నాయిలాగే ఉంటుంది, కానీ వేళ్ళాడించే రంధ్రాలుండవు. ఒకటే స్వరం. మేళం మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా ఆ స్వరం తెగకూడదు. డోలు వాయించేటప్పుడు సన్నాయికి విశ్రాంతి, సన్నాయి వాయించేటప్పుడు డోలు మధ్య మధ్యలో చెయ్యి దులుపుకుంటుంది, శ్రుతి పట్టేవాడికి మాత్రం దగ్గే హక్కు కూడా లేదు. బుగ్గల్లో గాలి దాచుకుని నోటితో వదులుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చాలి. ఇక మాఘమాసం పెళ్ళిళ్ళంటే మా వైపు కళ్ళాల నిండా మిరపకాయలు ఎండుతూ ఉంటాయి. ఆ ఘాటు ముక్కులోకి ఎక్కి కళ్ళమ్మట ధారలు కారుతుంటే పెళ్ళికూతురి తరఫువాళ్ళు "పాపం, సన్నాయి అబ్బాయికి ఎంత మెత్తని మనసో" అనుకునేవారు. నా మొహం మెత్తన! తుమ్ము ఆపుకోలేక చస్తుండేవాణ్ణి.

అట్లా ఒకటీ రెండూ కాదు, తొమ్మిదేళ్ళు. అప్పటికే చాలా మేళాల్లో తిత్తి ఊదే శ్రుతి పెట్టెలు వచ్చేశాయి. గురువు గారికి అవి గిట్టేవి కావు. "పెట్టెకి ప్రాణం ఉండదురా. నువ్వు పడితే నాకు గోడకి వీపు ఆనించుకున్నట్టు ఉంటది" అనేవారు. ఆ ఒక్క మాటకి పొంగిపోయి ఇంకో ఏడాది గడిపేసేవాణ్ణి. "స్వరాలెప్పుడండీ" అని అడిగితే పెళ్ళిళ్ళ సీజను పోనీ అనేవారు. పెళ్ళిళ్ళు పోతే తిరునాళ్ళు, తిరునాళ్ళు పోతే దసరా. డోలు కోటయ్య అయితే నన్ను దొరికినప్పుడల్లా ఆట పట్టించేవాడు. "ఒరేయ్, నీ సన్నాయికి చిల్లులే లేవు గదరా, రాగం ఎట్టా దిగుద్ది?" అనేవాడు. నవ్వేవాణ్ణి. రమణమ్మని పెళ్ళి చేసుకున్నాక ఆ నవ్వు తగ్గింది. ఇద్దరం బతకాలంటే నాకు సొంతంగా వాయించడం రావాలి. లేకపోతే ఆయన మేళం ఉన్నన్నాళ్ళే నా కూడు.

ఎనభైల నడుమ ఒక వేసవిలో గుంటూరు ఎగ్జిబిషన్‌లో సంగీత వాయిద్యాలకని విడిగా పెద్ద షెడ్డు వేశారు. మద్రాసు నుంచీ బొంబాయి నుంచీ కంపెనీలవాళ్ళు కొత్త కొత్త వాయిద్యాలు తెచ్చి పెట్టారు. రిబ్బను కత్తిరించేటప్పుడు మంగళవాద్యానికి మమ్మల్ని పిలిచారు. పనైపోయాక లోపలికి వెళ్ళామా, మా ముగ్గురికీ చూడ్డానికి కళ్ళు చాలలేదు. మీట నొక్కితే తనంతట తాను తాళం వేసే కీబోర్డు ఒకటి. కోటయ్య దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, బల్ల కింద గుడ్డ ఎత్తి చూశాడు. "లోపల కూసున్నోడు ఎవడ్రా?" అన్నాడు. ఎవడూ లేడని తెలిశాక వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

నా వంతు ఆ పక్క బల్ల దగ్గర వచ్చింది. అగరొత్తుల పెట్టె కన్నా కాస్త పెద్దది, ఒక చిన్న కరెంటు పెట్టె. అమ్మే కుర్రాడు మర తిప్పాడు. మోగింది. శ్రుతి! నిఖార్సయిన శ్రుతి. ఎప్పుడు ఆగుతుందా, ఎక్కడ గాలి పీల్చుకుంటుందా అని నేను కూడా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. నాకు కళ్ళు తిరిగాయి గానీ అది ఆగలేదు. "ఎంతసేపైనా మోగుద్దండి. తిత్తి ఊదక్కర్లా, మనిషక్కర్లా" అన్నాడు వాడు హుషారుగా. మనిషి అక్కర్లేదన్న ఆ మాట విని అక్కణ్ణుంచి పక్కకి జరిగిపోయాను.

అదే వరసలో పిల్లలకి సంగీతం నేర్పే పథకం గురించి ఒక బల్ల పెట్టారు. 'మొదటి రోజే పాట' అని పెద్దక్షరాలతో బోర్డు. బళ్ళకి వాయిద్యాలూ పుస్తకాలూ క్యాసెట్లూ ఇచ్చి, టీచర్లకి శిక్షణ ఇస్తారట. అక్కడ తెలుగు మాట్లాడే మద్రాసు టీచరమ్మ ఒకావిడ ఉంది. ఏడేళ్ళ పాప ఒకతె ఆవిడ పక్కన కూర్చుని బుల్లి కీబోర్డు మీద చక్కగా పాట వాయిస్తోంది. చేరి రెండు వారాలైందట. నన్ను చూసి ఆవిడ మర్యాదగా అడిగింది.

"మేళంలో మీరేం వాయిస్తారండీ?"

"శ్రుతి పడతానండి. సాహెబ్ గారి దగ్గర నేర్చుకుంటున్నాను."

"ఎన్నాళ్ళుగా?"

"తొమ్మిదేళ్ళండి."

"అబ్బ! అయితే ఒక చిన్న పాట వాయించి వినిపించండి. మా పాప నాదస్వరం దగ్గర్నుంచి ఎప్పుడూ వినలేదు."

చుట్టూ పాతికమంది దాకా మూగారు. నా చంకలో గురువు గారి సన్నాయి ఉంది. దాన్ని నేనే మోసేవాణ్ణి, నేనే తుడిచేవాణ్ణి. పెదవులకి తాకించి ఎరగను. "నాకు పాటలు రావండి" అన్నాను. ఆవిడ నమ్మలేదు. "ఒక్కటైనా?" అంది. "ఒక్కటి కూడా రాదండి" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు, అదే నన్ను చంపేసింది. నిజంగా ఆశ్చర్యపోయి, "తొమ్మిదేళ్ళలో మీ గురువు గారు మీకు ఒక్క పాట కూడా చెప్పలేదా?" అంది. వెనక్కి తిరిగి చూస్తే గురువు గారు. అంతా విన్నారు. ఆరడుగుల మనిషి ఒక్కసారిగా కుంచించుకుపోయినట్టు కనిపించారు. నా వైపు చూడలేదు. తిన్నగా పెట్టెలమ్మే కుర్రాడి దగ్గరికి వెళ్ళి, ఆ రోజు మాకు ముట్టిన సంభావన బల్ల మీద పెట్టి, ఆ శ్రుతి పెట్టె కొనేశారు.

పెట్టెకి ప్రాణం ఉండదన్న మనిషి! బస్సులో ఆయన పెట్టె ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి మోళ్ళు మిగిలిన పత్తిచేలు చూస్తూ కూర్చున్నారు. నల్లపాడు దాటింది. కోటయ్య కూడా ఎగతాళి మానేసి నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ పని అయిపోయిందిరా అబ్బాయ్" అన్నాడు మెల్లిగా. ఇంటికొచ్చి రమణమ్మకి చెప్పాను. "పెట్టెకి అన్నం పెట్టక్కర్లేదు, మీకు పెట్టాలి. ఆయన మాత్రం ఏం చేస్తాడు?" అంది. మర్నాడు వెళ్ళలేదు, ఆ తర్వాతా వెళ్ళలేదు. పత్తి మిల్లులో బోరాలు మోసే పనైనా అడుగుదామని మూడో రోజు చెప్పులేసుకుంటున్నాను. గుమ్మంలో జరీ కండువా! ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. రమణమ్మ కంగారుపడి నులకమంచం మీద దుప్పటి పరిచింది.

"ఏరా, మూడు రోజుల్నించీ అయిపు లేవే, ఏమైపోయావు?" అన్నారు.

"పెట్టె కొన్నారు గదండీ. ఇంక నాతో పనేముందండీ?"

"పనుండబట్టే గదరా నిన్ను తొమ్మిదేళ్ళు కదలనీకుండా కూసోబెట్టా." నులకమంచం అంచున కూర్చున్నారు. "నీకు విద్య చెబితే సొంత మేళం పెట్టుకుని పోతావు, ఇట్టాంటి శ్రుతి నాకు మళ్ళీ ఎక్కడ దొరుకుద్దని నా భయం. బాగా పడుతున్నావనే నిన్ను అక్కడే ఉంచా. ఆ టీచరమ్మ అడిగిందాకా అది దొంగతనమని నాకే తెలవలేదురా. ఆ పెట్టె నిన్ను వెళ్ళగొట్టడానికి కాదు, వదిలిపెట్టడానికి కొన్నా. రేపు తెల్లవారుజాము నమాజు కాగానే రా. మొదటి రోజే పాట."

అని రెండు చేతులూ జోడించారు. నాకు, మంగలి వీరయ్య కొడుక్కి! నేను కాళ్ళ మీద పడ్డానని రాస్తే బాగుంటుంది గానీ, పడలేదు. ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళు! ఇరవై ఆరేళ్ళు వచ్చాక, వేళ్ళు కొయ్యబారాక, ఇప్పుడా? ఆ రోజు ఆయనకి మంచినీళ్ళు కూడా ఇవ్వాలనిపించలేదు, రమణమ్మే ఇచ్చింది. అయినా మర్నాడు వెళ్ళాను. వెళ్ళకుండా ఎట్లా ఉంటాను? ఆయన అన్నంత పనీ చేశారు. మొదటి రోజే ఒక చిన్న పాట నా చేత పలికించారు. అది పాటలా లేదు, దూడ అరిచినట్టుంది. దానికే ఆయన "భేష్" అన్నారు. మేళాలకి పెట్టె వెంట వచ్చేది, నేను ఆయన పక్కన కూర్చుని విడి స్వరాలు అందుకునేవాణ్ణి. రాగాలన్నీ తొమ్మిదేళ్ళుగా చెవిలో ఉన్నాయి, వేళ్ళకే తెలియదు. రెండేళ్ళు పట్టింది వాటికి తెలియడానికి.

వినుకొండ దగ్గర ఒక రామాలయంలో పొద్దుటి పూట నా మొదటి కచేరీ ఏర్పాటు చేశారు. మా నాన్న కొత్త పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. నేను శ్రుతి పెట్టె కోసం సంచీలో వెతుకుతుంటే గురువు గారు "అది తేలేదురా" అన్నారు. తన కండువా కింద నుంచి నా పాత శ్రుతి సన్నాయి తీసి, వచ్చి నా వెనక, నేను తొమ్మిదేళ్ళు కూర్చున్న చోట కూర్చున్నారు. సభలో గోల లేచింది. "సాహెబ్ గారు శ్రుతి పట్టడమేంటండీ! లేవండి లేవండి!" అని ధర్మకర్త పరుగెత్తుకొచ్చాడు. ఆయన వినలేదు. అప్పటికే బుగ్గలు పూరించారు. నేను మొదలుపెట్టక తప్పలేదు.

వర్ణం అయ్యేసరికి వెనక శ్రుతి సన్నగా వణకడం విన్నాను. కీర్తన సగంలో ఆయన ముక్కుతో గాలి పీల్చే చప్పుడు కొలిమితిత్తిలా వినపడింది. డోలు ఒక్కటే మోగే తిరుగుళ్ళలో నేను ఆగి వెనక్కి చూశాను. మొహం కందగడ్డ, కళ్ళమ్మట నీళ్ళు, మెడ నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. ఆపెయ్యమని సైగ చేస్తే ఆయనే నన్ను కసురుకున్నట్టు కనుబొమలు ఎగరేశారు. దాదాపు గంట. స్వరం వంకర పోయింది, సన్నబడింది, కానీ తెగలేదు. మంగళం కాగానే జనం నా మీద పూలు చల్లుతుంటే నేను వెనక్కి పరిగెత్తాను. ఆయన పెదవి చిట్లి నెత్తురొచ్చింది. చెంబెడు నీళ్ళు తాగితే గానీ తేరుకోలేదు.

తర్వాత ధర్మకర్త ఇంట్లో విస్తళ్ళు వేశారు. ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయి నన్ను అడిగారు. "ఇంత కష్టమంట్రా ఇది?"

"అవునండి."

"తొమ్మిదేళ్ళలో ఒక్కసారన్నా చెప్పలేదేరా నాకు?"

"మీరు ఒక్కసారన్నా అడగలేదండి."

నోరు జారింది. లోపల దాచుకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో బయటికొచ్చేసింది. ఆయన నా వైపు చూశారు, విస్తరి వైపు చూశారు. "నిజమే" అన్నారు. కలిపిన అన్నం అట్లాగే వదిలి, లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కూడా ఆయన నాకు ఎన్నో చెప్పారు. సొంత మేళం పెట్టించారు, పాఠశాలలో ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం రాయించి ఇచ్చారు. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు. పాతికేళ్ళలో నా దగ్గరికొచ్చిన ప్రతి పిల్లాడికీ మొదటి రోజే ఒక పాట చెప్పాను. బాగా చేస్తున్నాడు కదా అని ఎవణ్ణీ ఉన్నచోటే ఉంచెయ్యలేదు. వారానికోసారి "ఎక్కడ కష్టంగా ఉందిరా?" అని అడిగాను. ఆయన్ని చూసి నేర్చుకున్నవే అవన్నీ. గురువు గారు పోయి చాలా ఏళ్ళైంది. నేను ఆ రోజు అన్నది అబద్ధం కాదు, అనే హక్కు నాకుందని ఇప్పటికీ అంటాను. కానీ గంటసేపు నా కోసం ఊపిరి పోసిన మనిషిని ఒక్క ముద్ద తిననిచ్చి ఉండాల్సింది.