గులాబ్ సేఠ్ పూయించిన పెళ్లిదండలు

ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలం కాదు లెండి. మూతికి గుడ్డ కట్టుకుని, దగ్గొస్తే దొంగల్లా దిక్కులు చూసిన రోజులు. చేతిలో పని లేకపోతే మనిషి ఏదో ఒక విద్యలో పండితుడైపోతాడని నాకప్పుడే తెలిసింది. సిరిసిల్ల నుంచి బతుకుదెరువుకు వచ్చి మేమున్న సూరత్‌లో మగ్గాలు ఆగిపోయాయి. ఊరి పక్కన సచిన్‌లో మిల్లుకు పోయే మా నాన్న, బాపు, ఇంట్లో కూర్చున్నాడు, నా డిగ్రీ క్లాసులు ఫోన్లోకి వచ్చి కూర్చున్నాయి. ఆ ఫోన్లోనే వీడియోలు చూసి నేను గులాబీల నిపుణుణ్ణయ్యాను. మొదటి లాక్‌డౌన్ ఎత్తేయగానే నర్సరీకి పోయి, అరచేయంత పువ్వు పూసే ముదురెరుపు అంటుమొక్కలు ఏరి తెచ్చి అగాసీ మీద (సూరత్‌లో డాబాను అందరం అలాగే అంటాం) పాత రంగు డబ్బాల్లో పెట్టాను. "దేశీ గులాబ్ లేజా బేటా, ఖుష్బూ దేఖ్" అని నర్సరీ ఆయన నాటు గులాబీ వాసన చూపించబోతే, చిన్న పువ్వు, వెలిసిన రంగు, ఎవడిక్కావాలి అని నవ్వేశాను. ఈ పెత్తనమంతా చూసి బాపు నాకు 'గులాబ్ సేఠ్' అని పేరు పెట్టాడు. పొగడ్త అనుకుని మురిసిపోయాను కూడా.

అంతలో అక్క పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేసే మనవాళ్ల అబ్బాయే. పెళ్లికొడుకు తల్లి మహా భయస్తురాలు. పెళ్లిచూపులు మాస్కులతోనే, చాయ్ కూడా ముట్టకుండా కానిచ్చారు. "ఎట్లున్నడే పిలగాడు?" అని అమ్మ అడిగితే, "ఆంఖేఁ తో అచ్ఛీ హైఁ, బాకీ రామ్ జానే" అంది అక్క, కళ్లయితే బాగున్నాయి, మిగతా మొహం రాముడికే ఎరుక అని. (ఫోటో చూసింది నిజమే. ఫోటోకేముంది, ఫోటోలో నేనూ బాగానే ఉంటాను.) ఇంతలో జబ్బు మళ్లీ విజృంభించింది. ముహూర్తం మృగశిర కార్తె దాకా జరిగింది, హాలు పోయింది, బ్యాండు పోయింది, సిరిసిల్ల నుంచి అమ్మమ్మ రాలేనంది. పూల బజారు కూడా మూతపడింది. అక్క మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. "ఏం లేకున్నా మంచిదే తమ్మీ. ప్లాస్టిక్ దండలేసుకొని పెండ్లి చేసుకోవాల్నా? అసలు పూల దండొక్కటి ఉంటే సాలు నాకు."

నా గుండె కరిగిపోయింది. "నేనున్న గద అక్కా! ఎర్ర గులాబీల దండలు, జత. నాది జబాన్" అన్నాను.

మాటిచ్చిన మర్నాడే చూద్దును కదా, లేత చిగుళ్ల నిండా ఆకుపచ్చగా, జిగురుగా పేనుబంక! వేపనూనె సబ్బునీళ్లలో కలిపి కొట్టాలని నేను చూసిన ప్రతి వీడియోలోనూ ఉంది. కానీ అప్పట్లో మా ఇంట్లో పాలప్యాకెట్ నుంచి బాపు చెప్పుల దాకా అన్నిటికీ ఒక్కటే మందు, శానిటైజర్. మిట్టమధ్యాహ్నం ఎండలో మొక్కలన్నిటికీ స్నానం చేయించినట్టు కొట్టాను. పురుగు నిజంగానే పోయింది. వారం తిరిగేసరికి చిగుళ్లు నల్లబడి, కొమ్మలు మొదలుదాకా ఎండిపోయాయి. "పురుగు సచ్చె, మొక్క సచ్చె. గులాబ్ సేఠ్ దుకాన్ బంద్" అన్నాడు బాపు. అక్క మాత్రం నా కంచంలో ఇంకో రొట్టె వేసింది.

ఎండిన కొమ్మలు కత్తిరించి, నీళ్లు పోస్తూ, దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. కొన్నాళ్లకు మొదట్లోంచి వేలెడు లావున కొమ్మలు లేచాయి, నేను ఎగిరి గంతేశాను. "ఏందిరా, ఆకులు గిట్ల సన్నగ, రెమ్మకు ఏడేసి ఉన్నయ్? ఇది నువ్వు తెచ్చిన మొక్కేనా?" అంది అమ్మ. "నీకు తెల్వదమ్మా, గది పుష్టి" అన్నాను. గులాబీని మొండి రకం వేరు మీద అంటుకడతారని, అంటుముడి కింద నుంచి లేచేది ఆ అడుగుమొక్క కొమ్మేనని, దాన్ని ఎప్పటికప్పుడు తీసేయాలని అప్పటికి నా పాండిత్యంలో లేదు. నేను దాన్ని ఎరువేసి మేపాను.

పెళ్లి రేపనగా మొగ్గలు విచ్చాయి. గుత్తులు గుత్తులుగా, చిన్నచిన్నవి, వెలిసిన గులాబీ రంగువి. "తమ్మీ, లాల్ కహాఁ హై?" అని అక్క ఎరుపు కోసం వెతికింది. "జర ఆగు, ముదురుతయ్" అన్నాను, నాకే నమ్మకం లేకుండా. అమ్మ ఒక పువ్వు తెంపి వాసన చూసి పకపకా నవ్వింది. "ఓరి పిచ్చోడా! నీ సేఠ్ గులాబీ ఎన్నడో పోయింది. ఇది కింది మొక్క, దేశీ గులాబీ." అక్క నవ్వలేదు. వేరే దారి లేదు కనుక తెల్లారి అందరం తెంపాం. దారానికి మగ్గమోళ్ల ఇంట్లో కరువా? బాపే కూర్చుని దండలు కట్టాడు. చెంగావి పట్టుచీర మీదికి ముదురెరుపు అనుకున్న అక్క, ఆ పలచని దండ పట్టుకుని మొహం మాడ్చుకునే అగాసీ మీద వేసిన పెళ్లిపందిట్లోకి వచ్చింది.

దండ మెడలో పడగానే బావ ఆగిపోయాడు. ఒకసారి గాలి పీల్చాడు, చటుక్కున మాస్కు కిందికి లాగాడు. "మాస్కు బిడ్డా, మాస్కు!" అని వాళ్లమ్మ కేకేస్తున్నా వినకుండా పువ్వుల్లో ముక్కు పెట్టి, "అబ్బ, ఏం వాసన! యాడ దొరికినయివి?" అని నోరంతా తెరిచి నవ్వాడు. అక్క తల వంచుకోవడం మరిచిపోయి ఆ మొహాన్ని అలాగే చూసింది. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది.

"బాకీ భీ అచ్ఛా హై" అంది.

ఇప్పుడు సూరత్‌లోనే ఖటోదరాలో నౌకరీ చేస్తున్నాను. అంటుముడి ఎక్కడుంటుందో కళ్లు మూసుకుని చూపించగలను, దాని కింద కొమ్మ లేస్తే వెంటనే తీసేయమని ఇరుగుపొరుగుకు బోధిస్తుంటాను కూడా. నా డబ్బాల్లో లేచినప్పుడు మాత్రం కత్తెర పట్టుకుని వంగి, కాసేపలాగే కూర్చుని, పోనీలే, ఇదొక్కసారి పూసినాక చూద్దాంలే అని లేచి వస్తాను. బాపు కింది నుంచి ఇంకా "గులాబ్ సేఠ్" అనే పిలుస్తాడు. అది పొగడ్త కాదని ఇప్పుడు తెలుసు. అయినా పలుకుతాను.